కారు ఒంటిపై ఎండిన రంగు తుంపరల తొలగింపు

గోడకో గేటుకో ఇనుప దూలానికో వేస్తున్న రంగు గాలికి తుంపరగా లేచి, లేదా బ్రష్షు నుంచి చుక్కగా జారి, పక్కన నిలిపిన కారు మీద పడి ఎండిపోతుంది. కారు సొంత రంగు చెడకుండా ఆ మరకను తీయడమే ఈ వ్యాస విషయం. పని చిన్నదే కాని చిక్కుంది. పడినదీ రంగే, కింద ఉన్నదీ రంగే. పైదాన్ని కరిగించే మందు కిందిదాన్నీ కరిగించవచ్చు. పైదాన్ని గీకే బ్లేడు కిందిదాన్నీ గీకుతుంది. కాబట్టి ఈ రెండు పొరలకూ ఎక్కడ తేడా ఉందో కనిపెట్టి, ఆ తేడాను వాడుకోవడంలోనే పనితనమంతా ఉంది. చుక్క వల్ల జరిగే నష్టం కంటే చుక్కను తీయాలన్న తొందర వల్ల జరిగే నష్టమే సాధారణంగా పెద్దది.

కూరెకుప్ప చుట్టుపక్కల

కూరెకుప్ప కర్ణాటకలో బళ్ళారి జిల్లా, సండూరు తాలూకాలో తోరణగల్లు పక్కనే ఉన్న ఊరు. బళ్ళారికీ హోసపేటకూ దాదాపు నడిమధ్య ప్రాంతం. 1953 అక్టోబరు 1న పాత బళ్ళారి జిల్లాను పంచినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, తక్కినవి మైసూరుకు పోయాయి. తాలూకాలు విడిపోయినా మాటలు విడిపోలేదు. ఈ సరిహద్దులో కార్లకు రంగు వేసే షెడ్లలో కన్నడం, తెలుగు, ఉర్దూ కలిసే వినిపిస్తాయి. థిన్నర్, పుట్టీ, వాటర్ పేపర్ మాత్రం మూడింటిలోనూ ఒకటే.

రంగు మరకల గురించి రాస్తూ ఈ ఊరి దగ్గర ఆగడానికి కారణముంది. 1994లో జిందాల్ విజయనగర్ స్టీల్‌గా మొదలై, 2005లో జె.ఎస్.డబ్ల్యు. స్టీల్ అయిన సంస్థకు చెందిన విజయనగర్ ఉక్కు కర్మాగారం తోరణగల్లులో ఉంది. కార్ల ఒంటికి వాడే పలుచటి రేకు అక్కడ తయారవుతుంది. అదే గ్రూపు 2019లో రంగుల వ్యాపారంలోకి దిగినప్పుడు నీటితో కలిపే గోడరంగుల కర్మాగారాన్నీ విజయనగర్‌లోనే పెట్టింది. అంటే కారు ఒళ్ళయ్యే రేకూ, రేపు దాని మీద ఒలకబోయే గోడరంగూ ఒకే చోట పుడుతున్నాయన్నమాట.

ఇలాంటి పారిశ్రామిక ప్రాంతంలో కారు మీద పడేవి మూడు రకాలు. ఒకటి, షెడ్లకూ పైపులకూ దూలాలకూ ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట వేస్తూనే ఉండే రంగు. రెండు, గ్రైండింగ్ దగ్గరా రైలు పట్టాల పక్కనా ఎగిరే ఇనుప రజను. మూడు, ఎర్రటి ఖనిజ ధూళి. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకాలు ఆపించేదాకా ఖనిజం లారీలు బారులు తీరిన దారులివి. తర్వాత షరతులతో తవ్వకాలు మళ్ళీ మొదలయ్యాయి. ఇక్కడి ఖనిజం ప్రధానంగా హెమటైట్. దాని గట్టిదనం మోస్ కొలతలో 5 నుంచి 6.5 దాకా ఉంటుంది, అంటే దాదాపు కిటికీ అద్దమంత. కారు పైపొర అందులో ఏ మూలకూ రాదు. ఈ ధూళి మీద పొడిగుడ్డ వేసి చుక్కను రుద్దితే గుడ్డే గరుకు కాగితమవుతుంది. కనుక ఈ ప్రాంతంలో రంగు తీసే పనికి మొదటి మెట్టు రంగు తీయడం కాదు, ధూళి కడగడం.

ఇంకో తికమక. వేలికి గరుకుగా తగిలే ప్రతి చుక్కా రంగు కాదు. తెల్ల కారు మీద నారింజ రంగు నలుసులు కనిపిస్తే అవి చాలాసార్లు పైపొరలో గుచ్చుకుని తుప్పు పట్టిన ఇనుప రజను రేణువులు. వాటికి థయోగ్లైకొలేట్ అనే రసాయనం ఉన్న ద్రవం దొరుకుతుంది. చల్లితే ఇనుము తగిలిన చోటల్లా ఊదారంగు కారుతుంది, వెంట్రుకలు తీసే క్రీము వాసన వస్తుంది; రెండింటిలోనూ ఉండేది ఒకే కుటుంబం మందు. రంగు చుక్క మీద అది ఏ మార్పూ చూపదు. ఖనిజపు ఎర్రధూళి మీద కూడా అంతగా పనిచేయదు, అది నీళ్ళతో పోవలసిందే.

కారు ఒంటిమీది పొరలు

ఈనాటి కారు రేకు ముప్పాతిక మిల్లీమీటరు అటూ ఇటూ మందం. దాని మీది రంగు మొత్తం కలిపి మిల్లీమీటరులో పదో వంతు, కాస్త ఎక్కువ: 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో నాలుగు పొరలు. రేకుకు ఫాస్ఫేట్ పూత వేశాక, బండి ఒంటిని మొత్తంగా తొట్టిలో ముంచి కరెంటుతో అంటించే తుప్పు నిరోధక పొర సుమారు 20 మైక్రాన్లు. ఫోర్డు సంస్థ 1960ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. దానిపైన ప్రైమరు. దానిమీద మనం కారు రంగు అనుకునే బేస్ కోట్. ఇది 15, 20 మైక్రాన్లకు మించదు. అన్నిటి మీదా రంగులేని క్లియర్ కోట్, 40 నుంచి 50 మైక్రాన్లు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కారు మెరుపంతా వెంట్రుకంత కూడా లేని ఆ క్లియర్‌లో ఉంది. ఎండనుంచి రంగును కాపాడే మందు కూడా అందులోనే ఉంటుంది. దాన్ని సగం అరగదీస్తే ఇవాళ బాగానే కనిపిస్తుంది. రెండు మూడు వేసవులు తిరిగేసరికి బానెట్ మీద తెల్లటి పొక్కులు లేస్తాయి.

ఫ్యాక్టరీ క్లియర్‌ను సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అందులోని అణువులు ఒకదానికొకటి వలలా ముడిపడిపోతాయి. ఒకసారి ముడిపడ్డాక ఏ ద్రావకమూ దాన్ని తిరిగి రంగునీళ్ళు చేయలేదు, మహా అయితే ఉబ్బించి మెత్తబరుస్తుంది. మన పనికి ఆధారం ఇదే: పైన పడిన రంగు కరుగుతుంది, కింద ఉన్నది కరగదు.

అయితే ఈ ఆధారం అన్ని బండ్లకూ లేదు. మన పెయింటర్ల నోట ఇప్పటికీ బతికున్న 'డ్యూకో' అన్న మాట చూడండి. అది డ్యూపాంట్ సంస్థ వార్నీషుకు బదులుగా తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లక్క పేరు. జనరల్ మోటార్స్ దాన్ని 1923–24లో ఓక్లాండ్ కార్ల మీద మొదట వాడింది. అంతకుముందు వార్నీషు పొరలు ఆరడానికి వారాలు పట్టేది, డ్యూకో గంటల్లో ఆరింది. దాని గుణమే దాని లోపం. అందులోని థిన్నర్ ఎగిరిపోవడంతో ఆరుతుంది తప్ప గట్టిపడే రసాయన చర్య ఏదీ ఉండదు. మళ్ళీ థిన్నర్ తగిలితే పదేళ్ళ తర్వాతైనా కరిగిపోతుంది. ఆ రకం రంగుతో తిరిగి వేయించిన పాత అంబాసిడర్ మీద థిన్నర్ గుడ్డ పెడితే చుక్కతోపాటు కారు రంగూ గుడ్డకు వస్తుంది. తక్కువ ఖర్చులో టచప్ చేయించిన తలుపులు, క్లియర్ లేని ఒకే పొర రంగుతో ఉండే లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు కూడా అనుమానించదగినవే.

పడినది ఏ రంగు

గోరుతో గీరి చూడటం, వాసన పట్టడం వంటి పరీక్షలు ఎన్నయినా ఉన్నాయి. వాటన్నిటికంటే మేలైనది రంగు వేసినతన్ని పోయి అడగడం. ఏ కంపెనీ అని కాదు, దాంట్లో ఏం కలిపావు అని అడగాలి. నీళ్ళు కలిపానంటే ఒక దారి, టర్పెంటైన్ అంటే ఒక దారి, థిన్నర్ అంటే ఒక దారి, హార్డెనర్ అన్నాడా, అది వేరే కథ.

సున్నం రంగు కాదు, రాయి. తడి సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని కాల్షియం కార్బనేట్‌గా మారుతుంది. గీకితే పొడి రాలుతుంది, కాని ఆ పొడి గీతలు పెడుతుంది. దీనికి పులుపు మందు. తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి ఆ చుక్క మీద కొన్ని నిమిషాలు ఉంచితే చిన్న బుడగలతో కరుగుతుంది. వెంటనే ఎక్కువ నీళ్ళతో కడగాలి. సున్నం తడిగా ఉన్నప్పుడు ఘాటైన క్షారం కావడం వల్ల, రోజుల తరబడి వదిలిన చుక్క కింద క్లియర్ మసకబారి ఉండవచ్చు. సిమెంటు చుక్క దీని అన్నలాంటిది. వెనిగర్‌కు సగమే లొంగుతుంది, ఓపికగా మళ్ళీ మళ్ళీ తడపాలి. బాత్రూం కడిగే యాసిడ్ జోలికి మాత్రం పోకూడదు. అది సిమెంటుతోపాటు క్రోమ్ పట్టీలనూ బోల్టులనూ తినేస్తుంది.

డిస్టెంపరు, ఎమల్షన్ వంటి నీటి రంగులు గోడల మీద ఎక్కువ, కార్ల మీద పడేవాటిలోనూ ఎక్కువే. నీటిలో తేలే సన్నటి ప్లాస్టిక్ రేణువులు నీరు ఇంకాక ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి. మొదటి గంటలో తడిగుడ్డకే పోతుంది. ఎండాక నీళ్ళకు కరగదు గాని, గోరువెచ్చని షాంపూ నీళ్ళ గుడ్డను పావుగంట దాని మీద పరిస్తే మెత్తబడి అంచు లేస్తుంది. అక్కడినుంచి ప్లాస్టిక్ కార్డుతో నెట్టుకుంటూ పోతే పొట్టులా ఊడివస్తుంది. మొండికేస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సగానికి సగం నీళ్ళతో కలిపి వాడవచ్చు. బాగా నున్నగా ఉన్న క్లియర్ మీద నీటి రంగు పట్టు బలహీనం. భయపడాల్సిన రకం కాదిది.

గేట్లకూ గ్రిల్స్‌కూ వేసే సింథటిక్ ఎనామెల్ సంగతి వేరు. అందులోని నూనె గాలిలోని ప్రాణవాయువును పీల్చుకుని గట్టిపడుతుంది. తాకితే అంటుకోకపోవడానికి కొన్ని గంటలు చాలు. లోలోపల గట్టిపడటం రోజులు, వారాలు సాగుతూనే ఉంటుంది. అందుకే మొదటిరోజు టర్పెంటైన్ గుడ్డతో తుడిస్తే పోయే చుక్క నెల తర్వాత అదే గుడ్డకు నవ్వుతుంది. ఇనుప దూలాలకు వేసే రెడ్ ఆక్సైడ్ ప్రైమరూ, సిల్వర్ అని పిలిచే అల్యూమినియం పెయింటూ చాలావరకు ఈ జాతివే. ఈ ప్రాంతంలో కార్ల మీద కనిపించే ఎర్రచుక్క ఖనిజధూళా, తుప్పు నలుసా, రెడ్ ఆక్సైడా అన్న ప్రశ్నకు తడిగుడ్డ, ఊదారంగు మందు, టర్పెంటైన్ గుడ్డ ఆ వరసలో జవాబు చెబుతాయి.

నైట్రోసెల్యులోజ్ రంగు, అంటే ఫర్నిచర్‌కు వేసే డ్యూకో, ఎన్నాళ్ళకైనా థిన్నర్‌కు కరుగుతుంది. ఫ్యాక్టరీ క్లియర్ మీద పడితే ఇది సులువైన కేసు. డ్యూకో వేసిన కారు మీద పడితే ఇంతకంటే కష్టమైన కేసు లేదు.

ఇక హార్డెనర్ కలిపే రంగులు: కార్లకు వేసే పాలీయురథేన్, కర్మాగారాల్లో ఇనుముకు వేసే ఎపాక్సీ. ఇవి క్లియర్ లాగానే వల కట్టి గట్టిపడతాయి. పైనా కిందా ఒకే జాతి అయినప్పుడు ద్రావకంతో తేడా చూపించలేము. వీటికి ఒకే ఒక్క ఊరట ఉంది. స్ప్రే గన్ నుంచి దూరంగా కొట్టుకొచ్చిన తుంపర దారిలోనే సగం ఆరిపోయి, ఇసుక రేణువులా వచ్చి కూర్చుంటుంది. కారుకు కరుచుకోదు, అతుక్కుని ఉంటుంది అంతే. బండి నిండా వేలాది నలుసులు పడి, చేత్తో నిమిరితే ఉప్పుకాగితంలా ఉన్నా, కింద చెప్పబోయే క్లే ముద్దతో దాదాపు పూర్తిగా పోతుంది. దగ్గరనుంచి తడిగా పడిన చుక్క అలా కాదు.

రోడ్డు గీతల రంగు ఈ వరసలో చేరనిది. జాతీయ రహదారుల మీద వేసేది థెర్మోప్లాస్టిక్. రెసిను, తెల్ల పిండి, గాజు పూసలు కలిపి సుమారు 180, 200 డిగ్రీల దగ్గర కరిగించి పోస్తారు. చల్లారకముందే దాని మీదుగా బండి పోనిస్తే చక్రం లోపలి అంచులకూ తలుపుల అడుగునా ముద్దలు పడతాయి. ద్రావకం కంటే వెచ్చదనమే దీనికి పనిచేస్తుంది. హెయిర్ డ్రయ్యర్ గాలికి మెత్తబడ్డాక ప్లాస్టిక్ కార్డుతో లేపి, మిగిలిన మరకకు పెట్రోలియం జెల్లీ రాసి ఒక రాత్రి ఉంచుతారు. గాజు పూసలు ఉన్నాయి కనుక రుద్దకూడదు.

తొలగించే తీరు

ఎండలో నిలిపిన నల్లకారు రేకు బళ్ళారి వేసవిలో చెయ్యి పెట్టనివ్వదు. అలాంటి రేకు మీద ద్రావకం పని మొదలుపెట్టకముందే ఆవిరైపోతుంది, షాంపూ తెల్లచారలుగా ఎండుతుంది. పొద్దున్నే, నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. ముందు ధారగా నీళ్ళు కొట్టి ధూళి దించాలి, తర్వాత షాంపూ, మళ్ళీ నీళ్ళు. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే చోట వెంటనే తుడిచి ఆరబెట్టకపోతే ఉప్పు మరకలు అదనపు పని.

తర్వాత పరీక్ష. తలుపు తెరిస్తే కనిపించే లోపలి అంచునో, అడుగు పట్టీనో ఎంచుకుని, వాడదలచిన ద్రావకాన్ని తెల్లగుడ్డకు అద్ది అక్కడ తుడవాలి. గుడ్డకు కారు రంగు వచ్చిందా, ఆ కారుకు క్లియర్ లేదు లేదా అది తిరిగి వేసిన లక్క రంగు. ద్రావకం మాట అక్కడితో మరచిపోవాలి. తలుపుకూ బానెట్‌కూ వేర్వేరు ఫలితం రావచ్చు. సెకండ్ హ్యాండ్ కార్లలో ఇది మామూలే.

మెత్తనిదానితో మొదలుపెట్టి, అవసరమైతేనే ఒక మెట్టు గట్టిదానికి పోవడం ఈ పనికి నియమం. షాంపూ నీళ్ళు, తర్వాత ఆల్కహాల్ నీళ్ళు, తర్వాత టర్పెంటైన్, చిట్టచివర థిన్నర్. ద్రావకాన్ని కారు మీద పోయరు, గుడ్డకు అద్దుతారు. రుద్దరు, ఆ గుడ్డను చుక్క మీద ఉంచి దాన్ని నాననిస్తారు. టర్పెంటైన్‌కు నాలుగైదు నిమిషాలు ఇవ్వవచ్చు. థిన్నర్‌కు మాత్రం లెక్క నిమిషాల్లో కాదు, సెకన్లలో; ఒకసారి తుడిచి, తడిగుడ్డతో కడిగి, రేకు ఎలా ఉందో చూసి, మళ్ళీ. నిపుణుడి చేతిలో థిన్నర్ గుడ్డ ఎప్పుడూ ఒకచోట ఆగదు. కొత్తగా రంగు వేయించిన కారుకు నెలరోజుల దాకా ఇది పూర్తిగా నిషేధం; షెడ్డులో 60 డిగ్రీల వేడికి ఆరిన రంగు, ఫ్యాక్టరీలో 140 దగ్గర కాలిన రంగంత గట్టిది కాదు.

మెత్తబడిన చుక్కను లేపడానికి ప్లాస్టిక్ బ్లేడు మంచిది. లేకపోతే పాత ఏటీఎం కార్డు చాలు, అంచు గరుకు లేకుండా చూసుకుంటే. ఎప్పుడూ షాంపూ నీళ్ళ తడి మీదే, దాదాపు పడుకోబెట్టి తొయ్యాలి.

తుంపరకు రాజమందు క్లే. పేరుకు మట్టి గాని, ఇది కుండలు చేసే మట్టి కాదు. సాగే రెసినులో సన్నటి రాపిడి పొడి కలిపిన ముద్ద. జపాన్‌లో పుట్టింది. తడావో కొదాతే అనే జపాన్ ఆవిష్కర్త పేరుమీద 1990ల్లో అమెరికాలో పేటెంట్లు ఉన్నాయి. షాంపూ నీళ్ళు ధారాళంగా చల్లి, ముద్దను అరచేతంత బిళ్ళగా చేసి, బరువు వేయకుండా వెనక్కీ ముందుకూ జరిపితే, క్లియర్ పైకి పొడుచుకొచ్చిన నలుసులను అది కోసి తనలోకి తీసుకుంటుంది. మొదట గరగరమని చప్పుడు వస్తుంది, శుభ్రమయ్యేకొద్దీ చేతికింద జారిపోతుంది. ఆ జారుడే పని ముగిసిందన్న గుర్తు. ముద్దను తరచుగా మడిచి కొత్త ముఖం తిప్పుకోవాలి. కింద పడితే పారేయాలి, మారుమాట లేదు. ఖనిజధూళి ఉన్న నేల మీద పడిన క్లే ఇక క్లే కాదు, ఆకురాయి. ఎంత జాగ్రత్తగా చేసినా క్లే సన్నటి మసక గీతలు మిగులుస్తుంది కనుక తర్వాత ఒకసారి పాలిష్, దానిపైన వ్యాక్స్ తప్పదు. ద్రావకమూ క్లే రెండూ పాత వ్యాక్స్‌ను తీసేస్తాయి.

క్లేకు కూడా పోనిది హార్డెనర్ రంగు చుక్కే అయివుంటుంది. దానికి వాటర్ పేపరు. చిన్న రబ్బరు దిమ్మకు 2000 నంబరు కాగితం చుట్టి, నానబెట్టి, చుక్క నెత్తిని మాత్రమే అరగదీసి, చుక్క కారు మట్టానికి రాగానే ఆపి, 3000 నంబరుతో నున్నచేసి, రబ్బింగ్ కాంపౌండుతోనూ పాలిష్‌తోనూ మెరుపు తెస్తారు. ఇది నేర్చుకోవాల్సిన పని. ఇలాంటి ప్రతి మరమ్మతూ క్లియర్‌లో కొన్ని మైక్రాన్లు తినేస్తుంది, ఆ తిన్నది తిరిగి రాదు. బండి అంచులూ మడతలూ దగ్గర రంగు సహజంగానే పలుచన. కంప్రెసరుతో తిప్పే పాలిష్ చక్రం ముందు అక్కడే రంగును చీలుస్తుంది. మంచి షాపులో ముందు రంగు మందం కొలిచే చిన్న యంత్రాన్ని రేకుకు ఆనించి చూస్తారు. కొలవకుండా చక్రం అందుకునే చోట కారు ఇవ్వకపోవడమే క్షేమం.

అద్దాలూ ప్లాస్టిక్కూ

అద్దం మీది చుక్క ఈ వ్యాసంలో అన్నిటికంటే సులువైనది. సబ్బునీళ్ళ తడి మీద కొత్త బ్లేడు వాలుగా పెట్టి తోస్తే చాలు, థిన్నర్‌కు కూడా గాజు చెదరదు. లోపలి వైపున గీతలున్న వెనక అద్దం మీద మాత్రం బ్లేడు వద్దు, అవి వేడి తీగెలు. హెడ్‌లైట్లు గాజులా కనిపించినా పాలీకార్బనేట్ ప్లాస్టిక్. థిన్నరో అసిటోనో తగిలితే సాలెగూడులా పగుళ్ళు పడతాయి, వాటికి మందు లేదు. గోళ్ళరంగు తీసే మందు అంటే చాలావరకు అసిటోనే అని గుర్తుంచుకోవాలి. రంగు వేయని నల్ల ప్లాస్టిక్ అంచుల మీద టర్పెంటైన్ కూడా తెల్లమచ్చ మిగిల్చవచ్చు.

ఆయుధపూజ నాటి పసుపూ కుంకుమా ఈ జాబితాలో చేరవు గాని, తెల్ల కారు యజమానులు అడిగేది వాటి గురించే. పసుపు రంగు ఎండకు దానంతటదే వెలుస్తుంది, దాన్ని రుద్దకండి. బజారు కుంకుమలోని అద్దకపు రంగు మొండిది; పూజ ముగిసిన సాయంత్రమే కడిగేయడం మంచిది.

ఒంటికి హాని

థిన్నర్‌లో సాధారణంగా టోలీన్, అసిటోన్, బ్యూటైల్ అసిటేట్ వంటివి ఉంటాయి. తలుపులు మూసిన గ్యారేజీలో వీటితో పనిచేస్తే తలతిరుగుతుంది, నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. పెట్రోలుతో చుక్కలు తుడిచే అలవాటు మన దగ్గర ఉంది. థిన్నర్ కంటే అది ఏ విధంగానూ మెరుగు కాదు, ప్రమాదం మాత్రం అంతే. పెయింట్ రిమూవర్ అని డబ్బాల్లో దొరికే ఘాటు మందు కారు క్లియర్‌నే పొరలుగా లేపడానికి చేసింది, చుక్కలకు కాదు. అందులో వాడే మిథిలీన్ క్లోరైడ్ ఊపిరిలోకి పోయి మనుషులు చనిపోయిన ఘటనల తర్వాత అమెరికా 2019లో దాన్ని సామాన్యులకు అమ్మే రిమూవర్లలో నిషేధించింది, 2024లో నిషేధాన్ని మరింత విస్తరించింది.

పాత ఇనుప కట్టడాల మీది రంగు అయితే పొడిగా గీకకూడదు. ఇనుముకు సింధూరం, అంటే సీసపు ఆక్సైడు, ప్రైమరుగా వేసిన రోజులున్నాయి. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని పది లక్షల్లో 90 భాగాలకు పరిమితం చేసే నియమాలు మన దేశంలో 2016లో వచ్చి 2017 నవంబరు 1 నుంచి అమలయ్యాయి. కర్మాగారాల రంగులకు అవి వర్తించవు.

ఖర్చు, బీమా, ముందుజాగ్రత్త

రంగు తుంపర పడ్డ కారుకు బీమా అడగవచ్చా అంటే, అడగవచ్చు గాని లెక్క చూసుకోవాలి. సమగ్ర పాలసీలో ప్రతి క్లెయిముకూ యజమాని భరించాల్సిన కనీస మొత్తం 1500 సీసీ దాకా కార్లకు 1000 రూపాయలు, ఆపైన 2000. దానికితోడు క్లెయిము లేని ఏడాదికి 20 శాతంతో మొదలై అయిదేళ్ళకు 50 శాతం చేరే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. ఒక తలుపు మీది చుక్కల కోసం ఆ బోనస్ వదులుకోవడం నష్టబేరం. బండి మొత్తం తుంపర పడితే, రంగు వేయించిన కాంట్రాక్టరుతో శుభ్రం ఖర్చు మాట్లాడుకోవడమే మన ఊళ్ళలో నడిచే దారి. ఫోటోలు మాత్రం చుక్కలు ముట్టకముందే తీసి ఉంచుకోవాలి.

కార్లకు రంగు అంటకుండా కాపాడే మాస్కింగ్ టేపు కూడా కార్ల కోసమే పుట్టింది. రెండు రంగుల కార్లు ఫ్యాషనైన రోజుల్లో సరిహద్దు గీత శుభ్రంగా రాక పెయింటర్లు పడే అవస్థ చూసి, త్రీఎం సంస్థలో పనిచేసే రిచర్డ్ డ్రూ 1925లో దాన్ని తయారుచేశాడు. ఇంటికి రంగు వేయించేటప్పుడు కారును యాభై అడుగులు దూరం తీసుకుపోవడం దానికంటే చవక. తీసుకుపోవడం కుదరకపోతే పరదా కప్పాలి, అదీ కడిగిన కారు మీదే. ధూళి ఉన్న కారుకు కప్పిన పరదా గాలికి కదిలినప్పుడల్లా గీస్తుంది.

పండక్కి ఇంటికి రంగులు వేయించేవారు, గేటుకు స్ప్రే కొట్టించేవారు ముందురోజే వీధిలో నిలిపిన కార్లవాళ్ళకు ఒక మాట చెప్పండి. చెప్పడం మరిచి తుంపర పడిందా, ఏ డబ్బాలో ఏం కలిపారో దాచకుండా చెప్పండి; వాళ్ళకు ముందుగా కావలసింది అదే.